ఏ తలుపు తట్టాలి?

మన టౌన్‌షిప్ రెండవ గేటు దాటి చెరువు గట్టు వెంబడి కొంత దూరం నడిస్తే కనిపించే పెంకుటింటి బాలల ఆశ్రమం పాఠకులలో చాలామందికి పరిచితమే. పుట్టినరోజులకు, పెద్దల సంవత్సరీకాలకు అక్కడ భోజనాలు పెట్టించిన కుటుంబాలు మనలో ఎన్నో ఉన్నవి. 1994లో మన సహోద్యోగులు కొందరు కలిసి స్థాపించిన ఆ ఆశ్రమం నిర్వాహక సంఘంలో మేము పదేళ్లుగా సభ్యులము. 2023లో ఆ సంఘం చేసిన ఒక పనిని గురించి అప్పట్లో క్యాంటీనులోనూ, క్వార్టర్ల అరుగుల మీదా పలు రకాల మాటలు వినిపించాయి. 'పిల్లల బియ్యం డబ్బు పెట్టి కన్సల్టెంటును పెట్టుకున్నారట' అన్నది వానిలో మృదువైనది. ఆ మాట అబద్ధం కాదు. కనుకనే జరిగినది జరిగినట్లు ఈ పుటలలో చెప్పవలసిన బాధ్యత మా మీద ఉన్నదని భావించి ఈ వ్యాసం రాస్తున్నాము.

ముందుగా లెక్కలు. ఆ యేడు ఆశ్రమంలో పిల్లలు 38 మంది. నెల ఖర్చు 1,35,000 రూపాయలు. జీతాల నుండి నెలకు 100 రూపాయలు కోత పెట్టించుకొనే ఉద్యోగులు ఒకప్పుడు 1,100 మంది ఉండగా, పదవీ విరమణల వల్ల 430కి దిగారు. ఆ పద్దు కింద వచ్చేది 43,000. భోజనాల విరాళాలు, పండుగ కానుకలు కలిపి సుమారు 40,000. మిగిలిన 52,000 రూపాయల లోటును ప్రతి నెలా బ్యాంకు డిపాజిట్టు నుండి తీస్తూ వచ్చాము. డిపాజిట్టులో మిగిలినది ఏడున్నర లక్షలు. ఇందులో భాగహారం చేయడానికి ఇంజనీరింగు పట్టా అక్కరలేదు. పధ్నాలుగు నెలలు.

అంతవరకు మేము ఊరుకున్నామని కాదు. రెండేళ్లలో డెబ్బైకి పైగా ఉత్తరాలు రాశాము. పెద్ద కంపెనీలకు, బ్యాంకులకు, ధర్మనిధులకు, పత్రికలలో పేరు కనిపించిన ప్రతి దాతకు ఒకే ఉత్తరం, పై చిరునామా మాత్రం మార్చి. జవాబులు నాలుగు వచ్చాయి, అన్నీ కాదనేవే. ఇక్కడ మా వృత్తి మీద మాకే సిగ్గు కలిగింది. ఒక చిన్న పంపుహౌసు కట్టవలసి వచ్చినా నేల ఎంత బరువు మోయగలదో పరీక్షింపక పునాది తవ్వని వాళ్లము, పిల్లల అన్నం విషయంలో మాత్రం గాలిలోకి రాళ్లు విసిరాము.

అప్పుడు సంఘంలో ఒకరు ఈ ప్రతిపాదన తెచ్చారు. ఏ సంస్థ ఏ పనికి, ఏ ప్రాంతంలో, ఎంత మొత్తం, ఏ కాగితాలు చూసి ఇస్తుందో వెదికి ఒక పటంలా గీసి ఇచ్చే వృత్తి నిపుణులున్నారు, అట్టివారిని మూడు నెలలకు నియమిద్దామన్నారు. ఫీజు 60,000 రూపాయల దాకా కావచ్చునన్నారు. సమావేశం రెండుగా చీలిపోయింది. అందరికంటె గట్టిగా ఎదిరించినవారు రోలింగ్ మిల్లులో క్రేను నడిపి విరమించిన పెద్దాయన. ఆశ్రమం పునాది రోజు నుండీ ఉన్న మనిషి. పిల్లలంతా ఆయనను తాతగారనే పిలుస్తారు. 'అరవై వేలంటే మన పిల్లలకు నెలన్నర దినుసులండీ. కాగితం తిని పిల్లలు బతుకుతారా?' అని లేచి నిలబడ్డారు. అంతటితో ఆగక, 1979లో బొంబాయిలో రిప్పన్ కపూర్ అనే విమాన పర్సర్ కొందరు మిత్రులతో కలిసి 50 రూపాయలతో 'క్రై' సంస్థను ఆరంభించిన ఉదంతం ఎత్తి, ఆయన ఏ కన్సల్టెంటును పెట్టుకున్నాడని అడిగారు. దానికి మా వద్ద ఒక్కటే జవాబు ఉన్నది. ఆ సంస్థ కూడా గ్రీటింగ్ కార్డుల అమ్మకమనే దారిని వెదికి పట్టుకొన్నాకనే విస్తరించింది, ఊరికే ఉత్తరాలు రాస్తూ కూర్చోలేదు. పెద్దాయన తృప్తి చెందలేదు. తీర్మానం ఒక్క ఓటు ఆధిక్యతతో నెగ్గింది. ఆ ఓటు మాది.

మూడు కొటేషన్లు వచ్చాయి. వానిలో ఒకరు ఫీజే వద్దన్నారు, తెచ్చిన నిధిలో పది శాతం ఇస్తే చాలునన్నారు. ప్రభుత్వ రంగంలో ముప్పై ఏళ్లు 'ఎల్-1' మంత్రం జపించిన మా కళ్లు సహజంగానే అటు పోయాయి. కాని శాతం మీద పనిచేసే మనిషి పెద్ద మొత్తం వెంట పరుగెడతాడే గాని పిల్లలకు తగిన మొత్తం వెంట కాదు. పైగా పిల్లల పేరు మీద ఇచ్చిన ధనంలో పదోవంతు మధ్యవర్తికి పోయిందని తెలిసిన దాత మళ్లీ గడప తొక్కడు. నిధుల సేకరణ వృత్తిలో ఉన్నవారి నీతి నియమావళులే ఈ పద్ధతిని నిషేధిస్తున్నాయని తరువాత తెలుసుకున్నాము. టెండర్ల రెండు కవర్ల పద్ధతిని ఇక్కడా పాటించి, ముందు పని విధానం చదివి, తరువాత ధర విప్పాము. స్థిరమైన ఫీజుకు, మూడు వాయిదాలలో, పన్నెండు వారాల గడువుతో ఒక మహిళను ఎంచుకున్నాము. బాలల సంక్షేమ రంగంలో పదిహేనేళ్లు పనిచేసిన మనిషి. ఒప్పందంలో ఒక షరతు ఆమే రాయించారు: 'నేను దరఖాస్తులు రాయను, నిధులు తెస్తానని మాట ఇవ్వను. ఎక్కడ ఉన్నవో, మీకు అందుతాయో అందవో మాత్రం చెబుతాను.' ఆ వాక్యం చదివి పెద్దాయన మా వంక చూసిన చూపు ఇంకా గుర్తున్నది.

మొదటి వారమంతా ఆమె ఏ దాత పేరూ ఎత్తలేదు. మా బీరువా తెరిపించి కాగితాలు చూశారు. అక్కడే మా గుట్టు బయటపడింది. బాల న్యాయ చట్టం, 2015లోని 41వ సెక్షన్ ప్రకారం పిల్లలను ఉంచుకొనే ప్రతి ఆశ్రమమూ రిజిస్టరు కావలసిందే. మా రిజిస్ట్రేషన్ 2017 నాటిది. అయిదేళ్ల గడువు 2022లోనే తీరిపోగా మేము గమనించనే లేదు. రిజిస్ట్రేషన్ లేకుండా నడిపితే 42వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు, లేదా లక్షకు తక్కువ కాని జరిమానా, లేదా రెండూ. బాయిలరు ఇన్‌స్పెక్షన్ తేదీ ఒక్కరోజు దాటనివ్వని మనం ఈ తేదీని మరచితిమి. తప్పు ఎవరిదో వెదకనక్కరలేదు, ఫైలు మీద సంతకం మాదే.

రెండవ కాగితం ఆదాయపు పన్నుకు సంబంధించినది. కంపెనీల చట్టం, 2013లోని 135వ సెక్షన్ 2014 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన సంగతి మన సంస్థ ఉద్యోగులకు కొత్త కాదు. 500 కోట్ల నికర విలువ గాని, 1,000 కోట్ల టర్నోవరు గాని, 5 కోట్ల నికర లాభం గాని ఉన్న కంపెనీ గడచిన మూడేళ్ల సగటు లాభంలో రెండు శాతం సామాజిక బాధ్యత కింద వెచ్చించాలన్నది ఆ సెక్షను. కాని 2021 ఏప్రిల్ 1 నుండి ఆ ధనం ఒక స్వచ్ఛంద సంస్థ ద్వారా ఖర్చు కావాలంటే ఆ సంస్థ సి.ఎస్.ఆర్.-1 పత్రం దాఖలు చేసి నమోదు సంఖ్య పొందాలి. అందుకు అప్పటి ఆదాయపు పన్ను చట్టం కింద 12ఎ, 80జి నమోదులు ఉండాలి, మావంటి సంస్థలకు మూడేళ్ల పని అనుభవమూ ఉండాలి. ఆ పన్ను నమోదులనే 2021 తరువాత మళ్లీ కొత్తగా చేయించుకోవాలని నిబంధన మారగా మేము చేయించలేదు. గడువు పలుమార్లు పొడిగింపబడుతూ వచ్చినందున గట్టెక్కాము. డెబ్బై ఉత్తరాలకు జవాబు రాకపోవడంలో వింత ఏమున్నది? వారు ఇవ్వదలచినా మేము పుచ్చుకొనే స్థితిలో లేము.

ఆ తరువాత అసలు పని. మొదటి జాబితాలో 61 సంస్థలు చేరాయి. వానిలో మన జిల్లాలో పనిచేయనివి 22. కంపెనీలు తమ కార్యస్థానం పరిసరాలకు ప్రాధాన్యమివ్వాలని చట్టమే చెబుతున్నది గనుక దూరాన ఉన్న కంపెనీ మనవైపు చూడకపోవడం దయ లేక కాదు. వసతి గృహాలకు కాక బడులకు, వైద్యానికి మాత్రమే ఇచ్చేవి 17. మా ఏడాది ఖర్చు పదహారు లక్షలైతే, అంతకు మించిన మొత్తం తప్ప ఇవ్వనివి 8. విదేశీ ధనం ఇచ్చేవి 5. విదేశీ విరాళాల చట్టం కింద మాకు నమోదు లేదు. పెద్ద సంస్థ ఒకటి తీసుకొని మాకు పంచుతుందేమోనని ఆశించాము గాని, 2020 సవరణతో అట్టి బదలాయింపే నిషిద్ధమైంది. మిగిలినవి తొమ్మిది. 60,000 రూపాయలకు తొమ్మిది పేర్లు! ఆ రోజు సమావేశంలో పెద్దాయన ఏమీ అనలేదు. అనకపోవడమే మాకు కష్టమనిపించింది.

కాని ఆ నివేదికలో మమ్మల్ని నిద్రపోనివ్వనిది ఆ తొమ్మిది పేర్లు కావు. తొమ్మిదవ వారంలో ఆమె పిల్లల రిజిస్టరు ముందుంచుకొని ఒక ప్రశ్న వేశారు. 'సార్, ఈ ముప్పై ఎనిమిది మందిలో తల్లిగాని, తండ్రిగాని బతికి ఉన్నవారు ఎందరు?'

మేము ఎన్నడూ లెక్కించలేదు. అనాథ పిల్లలని విరాళం రసీదుల మీద అచ్చు వేయించాము, అదే నిజమనుకున్నాము. ఆయమ్మను పిలిచి ఒక్కొక్క పేరూ అడుగుతూ పోగా, ఇద్దరూ లేనివారు 11 మంది. తక్కిన 27 మందికి తల్లో, తండ్రో ఉన్నారు, ఎక్కువమందికి తల్లి. భర్త పోయి, కూలికి పోయే తల్లి బిడ్డకు అన్నం పెట్టలేక మా గేటు వద్ద వదలి, పండుగకు వచ్చి చూసి పోతున్నది. ఒక తల్లి మన ప్లాంటులోనే కాంట్రాక్టు స్వీపరు. ఆమెను మేము ప్రతి ఉదయం చూస్తూనే ఉన్నాము.

సంస్థలో ఉంచడం చిట్టచివరి మార్గం కావాలన్నది బాల న్యాయ చట్టపు మూల సూత్రాలలో ఒకటి. 2009లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ ఆమోదించిన ప్రత్యామ్నాయ సంరక్షణ మార్గదర్శకాలూ, పేదరికం ఒక్కటే బిడ్డను తల్లి నుండి వేరుచేయడానికి కారణం కారాదంటున్నాయి. దాతలు వసతి గృహాల నుండి ముఖం తిప్పుకోవడానికి ఇదే హేతువని ఆమె వివరించారు. కేంద్ర ప్రభుత్వపు మిషన్ వాత్సల్య పథకం కింద, అర్హత ఉన్న బిడ్డ తన ఇంట్లోనే పెరగడానికి నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ సాయం ఉన్నది. మా ఆశ్రమంలో ఒక బిడ్డకు అయ్యే ఖర్చు అంతకంటె తక్కువే, అయినా ఆ తల్లులలో ఒక్కరికైనా ఈ సంగతి చెప్పినవారు లేరు. మేము డబ్బు వెదకబోగా, ఆ డబ్బు మా కోసం కాక ఆ తల్లుల కోసం ఉన్నదని తేలింది.

ఆ సమావేశం రాత్రి పదకొండు దాకా సాగింది. ఆశ్రమం ఖాళీ చేయడమే మీ పటం ఫలితమా అని కొందరు కోపగించారు. పిల్లలు పోతే దాతలు పోతారు, దాతలు పోతే మిగిలిన పదకొండు మంది గతి ఏమిటన్నది మరొకరి ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. తల్లి వద్దకు పంపినంతనే బిడ్డ బడి మానకుండా ఉంటుందన్న హామీ కూడ ఎవరూ ఇవ్వలేరు. చివరకు ఒక్కొక్క బిడ్డ విషయం వేరువేరుగా, బిడ్డ ఇష్టాన్ని అడిగి, జిల్లా బాలల పరిరక్షణ విభాగం, బాలల సంక్షేమ సమితుల ద్వారానే తేల్చాలని నిర్ణయమైంది.

తరువాతి ఏడాదిన్నరలో జరిగినది క్లుప్తంగా. రిజిస్ట్రేషన్, పన్ను నమోదులు, సి.ఎస్.ఆర్.-1 పూర్తయ్యాయి. తొమ్మిది సంస్థలకు తొమ్మిది వేర్వేరు దరఖాస్తులు పంపగా రెండు ఫలించాయి. ఒకటి పద్ధెనిమిది నిండి ఆశ్రమం విడిచే పిల్లల వృత్తి శిక్షణకు, మరొకటి ఇళ్లకు వెళ్లిన పిల్లల చదువును కనిపెట్టి చూసే కార్యకర్త జీతానికి. పాత ఉత్తరంలో మేము అడిగిన బియ్యానికి, పప్పుకు ఎవరూ ఇవ్వలేదు. అది నేటికీ మన జీతాల కోత మీదనే నడుస్తున్నది. అయితే పద్నాలుగు మంది పిల్లలు తల్లుల వద్దకు వెళ్లడంతో నెల లోటు సగానికి పైగా తగ్గింది. స్పాన్సర్‌షిప్ మొదటి విడత చేతికి రావడానికి కొందరికి ఏడు నెలలు పట్టింది. ఆ మధ్యకాలం మేమే సర్దవలసి వచ్చింది. ఆ పద్నాలుగు మందిలో ఇద్దరు తిరిగి వచ్చారు. ఒక బిడ్డ విషయంలో తొందరపడ్డామని ఇప్పటికీ అనుకుంటున్నాము.

ఇళ్లకు వెళ్లిన పిల్లలను నెలకొకసారి చూసివచ్చే బాధ్యత పెద్దాయన తనంతట తానే తీసుకున్నారు. పాత స్కూటరు మీద, సంచిలో బిస్కట్ పొట్లాలతో, చేతిలో ఆ నివేదిక వెనుక అట్ట మీద రాసుకొన్న పన్నెండు ఊళ్ల పేర్లతో బయలుదేరుతారు. ఫీజు మాట ఆయన మళ్లీ ఎత్తలేదు, ఒప్పుకోనూ లేదు.

ఆ పటంలో దరఖాస్తు తేదీల గడి ఏటా మారుతుంది. ఏ సంస్థ విధానం మార్చుకొన్నదో, ఏది కొత్తగా మన జిల్లాకు వచ్చినదో చూసి ప్రతి ఏప్రిల్‌లో కొత్తగా నింపాలి. ఇంతవరకు మేమే నింపుతూ వచ్చాము. మా పదవీ విరమణ దగ్గరపడుతున్నది. ఆదివారాలు రెండు గంటలు ఇవ్వగలిగిన యువ సహోద్యోగులు, ముఖ్యంగా లెక్కల విభాగంలోని వారు, ఆశ్రమం బీరువా తాళాల కోసం మమ్మల్ని జనరల్ షిఫ్టులో ఎప్పుడైనా కలుసుకోవచ్చు.