చిక్కులలోని భేదములు

ఆంగ్లపాఠము చెప్పు ఉపాధ్యాయునకు తరచుగా ఎదురగు ఇబ్బంది యొకటి కలదు. ఎంటాంగిల్, ఎన్‌స్నేర్, ఇన్వాల్వ్, ఇంప్లికేట్, ఎంబ్రాయిల్ అను మాటలన్నిటికిని విద్యార్థి ‘చిక్కుకొను’ అను ఒక్క అర్థమే వ్రాసికొని తృప్తిపడును. అర్థము తప్పు కాదు. కాని ఎవరు చిక్కిరి, ఎవరు చిక్కించిరి, దోషమెవరిది అను సంగతులు అందులో తేలవు.

ఎచ్చెర్ల ప్రాంతపు బాలబాలికలకు ఈ భేదము బోధించుటకు నిఘంటువుకంటె బుడగట్లపాలెపు సముద్రతీరము మేలు. అక్కడ వలలో చేప చిక్కును. ఒక్కొక్కప్పుడు వలత్రాళ్లే ఒకదానితో నొకటి చిక్కుపడును. మొదటి చిక్కు వెనుక వల వేసినవాడు కలడు. ఎన్‌స్నేర్ ఇట్టిది, స్నేర్ అనగా ఉచ్చు, ఉచ్చు ఒకరు పన్నినదే. రెండవ చిక్కునకు ఎవరి పన్నాగమును అక్కరలేదు. పోగులు పెనవేసికొన్నవి, విడదీయుట కష్టము. ఇది ఎంటాంగిల్. దాయాదుల ఆస్తి తగవులు తరచుగా ఈ జాతివే.

ఇన్వాల్వ్, ఇంప్లికేట్ అనునవి రెండును లాటిను భాషనుండి వచ్చినవి. మొదటిదానికి మూలార్థము లోపలికి చుట్టుట. రెండవదానికి మడతలో పెట్టుట. నేడు వీని నడుమ అంతరము చాల ఎక్కువ. ఒక లారీ ప్రమాదములో ఇన్వాల్వ్ అయినదన్నచో, ఆ ప్రమాదముతో దానికి సంబంధము కలదని మాత్రమే అర్థము. తప్పు దానిదని కాదు. ఒకనిని దొంగతనములో ఇంప్లికేట్ చేసిరన్నచో, నేరపు నీడ వానిపై పడినదన్నమాట. నేరము రుజువైనదని అప్పటికిని కాదు. రెంటికిని ‘ఇరుక్కొనెను’ అని వ్రాసినచో సాక్షియు ముద్దాయియు ఒక్కటే యగుదురు. ‘సంబంధము కలదు’, ‘ప్రమేయమున్నదని ఆరోపించిరి’, ‘అన్యాయముగా ఇరికించిరి’ అని వేరువేరుగా చెప్పుటకు తెలుగున మాటలు లేకపోలేదు. వానిని విడిచి ఒకని పరువునకు భంగము కలిగించుట భాషాదోషముతో పోవునది కాదు.

ఇక ఎంబ్రాయిల్. ఇది ఫ్రెంచి మాట. కలగాపులగము చేయుట దాని మూలార్థము. ఇతరుల కలహములోనికి ఒకరిని లాగుటకు ఈ మాట చెల్లును. దీనిని పరీక్షించుటకు మన ప్రాంతపు చరిత్రయే చాలును. 1753లో నిజాము సలాబత్ జంగు ఉత్తర సర్కారులను ఫ్రెంచివారికి ఇచ్చెను. విజయనగర ప్రభువు పెద విజయరామరాజునకును బొబ్బిలివారికిని పాతపగ కలదు. 1757 జనవరి 24న బుస్సీ సేనలు విజయనగరపు సేనలతో కలిసి బొబ్బిలికోటను ముట్టడించెను. కోట కూలెను, కొలది దినములకే విజయరామరాజు తాండ్ర పాపారాయుని చేత హతుడయ్యెను. మరుసటి యేడు ఆనందరాజు ఫ్రెంచివారికి ఎదురు తిరిగి ఆంగ్లేయులను పిలిచెను. 1758 డిసెంబరులో చందుర్తి యుద్ధము జరిగెను.

ఇందు బుస్సీ ఎంబ్రాయిల్ అయ్యెనని ఒక విద్యార్థి వ్రాసెననుకొనుడు. అనగా పరుల పగలోనికి అతడు ఈడ్వబడినాడని తీర్పు చెప్పినట్లే. కాని సర్కారుల శిస్తు బుస్సీకి కావలసియుండెను. అతడు తన లాభము చూచుకొని అడుగు పెట్టినవాడే. అడుసు త్రొక్కనేల, కాలు కడుగనేల అను సామెత అతనికి తగును. కోటలో అసువులు బాసిన స్త్రీలు, పిల్లలు మాత్రము నిజముగా ఈడ్వబడినవారు. ఆంబోతుల పోట్లాటలో లేగదూడల కాళ్లు విరిగినట్లను సామెత వారిది.

కావున ఇట్టి మాట తటస్థించినప్పుడు విద్యార్థి మూడు ప్రశ్నలు వేసికొనవలెను. వాడు తానై అడుగు పెట్టెనా? మరియొకడు లాగెనా? దోషము రుజువైనదా, ఆరోపణ మాత్రమేనా? ఈ మూటికి సమాధానము దొరకిన పిమ్మట తెలుగు మాట దానంతట అదే తోచును. దొరకనిచో ‘సంబంధము కలదు’ అని వ్రాసి ఊరకుండుట న్యాయము.