గ్రంథప్రజలతో గ్రంథచర్చ



బైబిల్‌లో పరస్పర వైరుధ్యాలు ఉన్నాయా అన్న ప్రశ్న మన యువకుల నోట తరచుగా వినబడుతోంది. ఫోన్‌లో చిన్న వీడియో చూసి, అందులోని నాలుగు ప్రశ్నలు కంఠస్థం చేసి, మరునాడు క్రైస్తవ మిత్రుని ముందు పెడుతున్నారు. ఆ మిత్రుడూ మరో వీడియో చూసి ఖుర్ఆన్ మీద నాలుగు ప్రశ్నలు తెస్తాడు. మస్జిదు, చర్చి ఒకే వీధిలో ఉన్న ఊళ్లు మనకు కొత్త కాదు. ఇలాంటి మాటలు స్నేహాలనే కాదు, ఒక్కోసారి వీధినే చీలుస్తాయి. కనుక ఈ విషయంలో మన పండితులు ఏమి చేశారో, ఎలా చేశారో తెలుసుకోవటం అవసరం.

ముందుగా మన అఖీదా. హజ్రత్ మూసా (అలైహిస్సలాం) పై తౌరాత్, హజ్రత్ దావూద్ (అలైహిస్సలాం) పై జబూర్, హజ్రత్ ఈసా (అలైహిస్సలాం) పై ఇంజీల్ అవతరించాయని నమ్మటం ఈమాన్‌లో భాగం. అయితే ఖుర్ఆన్ ప్రస్తావించే ఇంజీల్ ఈసాకు ప్రసాదించబడిన గ్రంథం. నేడు క్రైస్తవుల వద్ద ఉన్న నాలుగు సువార్తలు ఆయన జీవితాన్నీ బోధనూ వివరిస్తూ మత్తయి, మార్కు, లూకా, యోహానుల పేర్లతో వచ్చిన రచనలు. ఈ మాట క్రైస్తవులు కూడా అంగీకరిస్తారు. ఆ రచయితలు పరిశుద్ధాత్మ ప్రేరణతో రాశారన్నది వారి విశ్వాసం. మనం ఖుర్ఆన్‌లోని ప్రతి పదాన్నీ వహీగా చూస్తాము. వారిలో చాలామంది తమ గ్రంథాన్ని సరిగ్గా అదే దృష్టితో చూడరు. ఈ భేదం గుర్తించకనే సగం వాదాలు దారి తప్పుతాయి.

పూర్వ గ్రంథాలలో జరిగిన మార్పును మన పండితులు తహ్రీఫ్ అంటారు. దాని స్వరూపం విషయంలో వారందరిదీ ఒకే మాట కాదు. కొర్డోవాకు చెందిన ఇబ్న్ హజ్మ్ పదాలే మారాయని గట్టిగా వాదించారు. ఢిల్లీకి చెందిన షా వలీయుల్లాహ్ తమ అల్ ఫౌజుల్ కబీర్‌లో, తౌరాత్ విషయంలో తహ్రీఫ్ అనువాదంలోనూ వ్యాఖ్యానంలోనూ జరిగిందే తప్ప మూలపాఠంలో కాదన్న అభిప్రాయాన్ని వెలిబుచ్చారు. ఇంతటి పెద్దలు భిన్నాభిప్రాయం ప్రకటించిన చోట మనం ఒక్క వాక్యంతో తీర్పు చెప్పటం సాహసమే.

ఇక ఆగ్రా సంగతి. జర్మనీకి చెందిన పాదరీ ఫాండర్, బైబిల్‌లో ఎలాంటి మార్పూ జరగలేదని మీజానుల్ హఖ్ అనే గ్రంథంలో వాదించి, దానిని పారసీ, ఉర్దూ భాషలలో వ్యాపింపజేశాడు. కైరానాకు చెందిన మౌలానా రహమతుల్లాహ్ ఆయనను బహిరంగ చర్చకు ఆహ్వానించారు. 1854 ఏప్రిల్ 10, 11 తేదీలలో ఆ చర్చ జరిగింది. మౌలానాకు తోడుగా నిలిచినవారు డాక్టర్ వజీర్ ఖాన్. ఆయన ఆగ్రాలో వైద్యుడు, ఇంగ్లీషు చదివినవారు. హార్న్, లార్డ్‌నర్ వంటి క్రైస్తవ పండితులే ప్రాచీన ప్రతులను పోల్చి రాసిన గ్రంథాలను వీరిద్దరూ శ్రమించి అధ్యయనం చేశారు. ఎదుటివారి పుస్తకాలను ఎదుటివారి పండితుల ద్వారానే అర్థం చేసుకున్నాక నోరు విప్పారు. మన యువకులు గమనించవలసింది ఇక్కడే.

చర్చకు ఐదు అంశాలు నిర్ణయించారు. రెండు రోజులలో నస్ఖ్, తహ్రీఫ్ అనే రెండు అంశాల మీదే మాటలు సాగాయి. ప్రతులు రాసిన లేఖకుల వల్ల కొన్ని చోట్ల పొరపాట్లు దొర్లాయని ఫాండర్ అంగీకరించాడు, అయితే మూల సిద్ధాంతాలు చెక్కుచెదరలేదన్నాడు. పాఠం మారిందని ఒప్పుకున్నాక దానిని ప్రమాణంగా ఎలా చూపుతారని మౌలానా అడిగారు. చర్చ అక్కడే నిలిచిపోయింది. గెలిచామని ఇరుపక్షాలూ ప్రకటించుకున్నాయి.

మౌలానా ఆ తరువాత 1864లో ఇస్తాంబుల్‌లో అరబ్బీలో రచించిన ఇజ్‌హారుల్ హఖ్‌లో ఇలాంటి చోట్లను వరుసగా చూపారు. ఒక ఉదాహరణ చాలు. యూదా రాజు యెహోరాము 32వ ఏట సింహాసనమెక్కి 8 సంవత్సరాలు ఏలి మరణించాడు. అంటే మరణించేనాటికి 40 ఏళ్లు. వెంటనే అతని చిన్న కుమారుడు అహజ్యా రాజయ్యాడు. అప్పుడతని వయసు 22 అని రాజుల రెండవ గ్రంథం చెబుతుంది. దినవృత్తాంతముల రెండవ గ్రంథపు హీబ్రూ పాఠంలో 42 అని ఉంది. ఆ లెక్కన కొడుకు తండ్రికంటే రెండేళ్లు పెద్దవాడు! ఇది నకలు రాసినవారి పొరపాటని క్రైస్తవ పండితులు ఏ సంకోచమూ లేకుండా చెబుతారు. సిరియాక్ అనువాదంలో 22 అనే ఉంది. యోహాను మొదటి పత్రిక ఐదవ అధ్యాయంలో త్రిత్వాన్ని సూచించే వాక్యభాగం కథ ఇంతకంటే పెద్దది. ప్రాచీన గ్రీకు ప్రతులలో అది లేదు. ఎరాస్మస్ తన తొలి రెండు ముద్రణలలో దానిని చేర్చలేదు, 1522 ముద్రణలో చేర్చాడు. నేటి అనువాదాలు అనేకం దానిని మళ్లీ తొలగించాయి. తొలగించినవారు క్రైస్తవులే.

మరి ఈ చర్చతో మనసులు మారాయా? ఆగ్రా మస్జిదులో పాదరీలకు వ్యతిరేకంగా ప్రసంగించిన మౌల్వీ ఇమాదుద్దీన్ 1866లో స్వయంగా క్రైస్తవం స్వీకరించాడు. ఈ సంగతి మనకు చేదుగా ఉన్నా దాచదగినది కాదు. వాదనలో పైచేయి వేరు, హిదాయత్ వేరు.

పైగా మనం వేసే ప్రశ్న మన ఇంటికీ వస్తుంది. ఫాతిహా సూరాలో ఒక పదాన్ని మనం హఫ్స్ రివాయత్ ప్రకారం దీర్ఘంతో ‘మాలికి’ అని పఠిస్తాము. వర్ష్ రివాయత్‌లో అది ‘మలికి’. ఈ ఖిరాఅత్‌లు రెండూ దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) నుండి గురుశిష్య పరంపరగా వచ్చినవి, లేఖకుల పొరపాట్లు కావు. ఈ జవాబు చెప్పటం తెలియని అబ్బాయి అహజ్యా వయసు గురించి అడగటానికి తొందరపడకూడదు.

గ్రంథప్రజలతో ఉత్తమమైన రీతిలో తప్ప వాదించవద్దని అన్‌కబూత్ సూరా 46వ ఆయత్ ఆదేశిస్తోంది. నజ్రాన్ క్రైస్తవులు మదీనాకు వచ్చినపుడు దైవప్రవక్త వారి విశ్వాసంతో స్పష్టంగా విభేదించారు. అయినా తమ మస్జిదులోనే వారిని ప్రార్థన చేసుకోనిచ్చారని సీరత్ రచయితలు చెబుతారు. గ్రంథప్రజలు వినిపించే మాటలను అవునని గానీ కాదని గానీ అనవద్దని, అల్లాహ్ అవతరింపజేసిన దానినంతా విశ్వసిస్తున్నామని మాత్రం చెప్పమని సహీహ్ బుఖారీలోని హదీసు బోధిస్తోంది. దీనిని ఇబ్న్ కసీర్ మూడు కోవలుగా విడదీసి చూపారు. ఖుర్ఆన్ ధ్రువీకరించినది సత్యం. ఖుర్ఆన్‌కు విరుద్ధమైనది మనకు అంగీకారం కాదు. ఈ రెంటిలోనూ చేరనిదాని విషయంలో మౌనం.

ఇప్పుడు మన యువకులు ఎక్కువగా అడిగే ప్రశ్నకు రండి. యోసేపు తండ్రి యాకోబు అని మత్తయి, హేలీ అని లూకా రాశారు. ఒకటి మర్యమ్ వంశావళి అని కొందరు క్రైస్తవులు, ఒకటి చట్టం ప్రకారం వచ్చిన తండ్రి పేరని మరికొందరు వివరిస్తారు. హజ్రత్ ఈసా తండ్రి లేకుండా, కన్య అయిన హజ్రత్ మర్యమ్‌కు జన్మించారని మనమూ నమ్ముతాము, వారూ నమ్ముతారు. ఆ మిత్రునితో మాట మొదలుపెట్టవలసింది అక్కడ. యోసేపు తండ్రి ఎవరన్నది మూడవ కోవలోనిది.