నా గిటారు మెట్లు



సెలవుల నుంచి నేను తెచ్చిన పెట్టెను చూసి "ఏంట్రా ఆ డబ్బా?" అని అందరూ అడిగారు. అది గిటారు. సగం నేను చేశాను, సగం రాజోలులో మా చిన్నాన్న పక్కింటి వడ్రంగి తాతగారు చేశారు. నడుం వంపు లేదు, ఎందుకంటే పక్క చెక్కలు వంచడం మావల్ల కాలేదు. ఎలా చేశామో, ఎక్కడ చెడగొట్టానో రాస్తున్నాను.

ముందు చెక్క సంగతి. 1996 నవంబరు 6 తుపానులో కోనసీమలో కొబ్బరి చెట్లు లక్షల్లో పడిపోయాయి. తాతగారి పెరట్లో పనస చెట్టు కూడా అప్పుడే కూలిందట. కోయించి పలకలు అటక మీద దాచారు. పచ్చి చెక్కతో చేస్తే ఆరేకొద్దీ వంకర పోతుంది, అతుకులు విడిపోతాయి. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు చేసేది కూడా పనస చెక్కతోనే.

పై పలక మాత్రం 3 మి.మీ. ప్లైవుడ్. తీగ సన్నగా ఉంటుంది కాబట్టి అదొక్కటే గాలిని ఎక్కువ కదపలేదు. దాని అదురు బ్రిడ్జి గుండా (వీణకైతే గుర్రం అంటారు) పై పలకలోకి దిగుతుంది. పలక ఊగితేనే మనకు గట్టిగా వినబడుతుంది. అందుకని పలచగా ఉండాలి. కాని ఆరు ఇనుప తీగల లాగుడు కలిపితే 60, 70 కిలోలు. మొదటిసారి పలక గుంట పడిపోయింది. విప్పి లోపల సన్నటి బద్దలు అంటించాం.

ఇక మెట్లు. సైకిల్ పుల్లలు కోసి వేశాము. తీగ పొడవు 60 సెం.మీ. మొదటి మెట్టుకు దాన్ని 18తో భాగించాలి, మిగిలిన పొడవును మళ్ళీ 18తో, అలా పోవాలి. ఈ 18 లెక్క పాతదే. గెలీలియో తండ్రి విన్సెంజో గెలీలియో 16వ శతాబ్దంలో లూట్ అనే వాయిద్యానికి చెప్పాడు. అసలు అంకె 17.817. కాని 18 అయితే భాగారం సులువు కదా అని నేను అదే పట్టుకున్నా. పైగా ఒక మెట్టు గీసి, ఆ గీత నుంచి తర్వాతది కొలిచా.

తీగలు బిగించి నెల రోజులు వాయించాను. మొదటి మూడు మెట్లు బాగున్నాయి. పైకి పోయేకొద్దీ పాట ఏడుపులా ఉంది. అక్కడ గిటారు నేర్పే ఒకాయన విని "నీకు శ్రుతి లేదబ్బాయ్, ఊరికే కష్టపడకు" అన్నారు. పోయిన ఏడాది ప్రార్థన పాటల గుంపులోంచి కూడా నన్ను తీసేశారు. కాబట్టి నిజమే అనుకున్నా. రెండు రోజులు గిటారు ముట్టలేదు, అన్నం కూడా సరిగా తినలేదు.

తాతగారికి గిటారు రాదు. ఆయన ఒక దారం తీసి, పైన తీగలు ఆనే చోటు నుంచి బ్రిడ్జి దాకా కొలిచి, రెండు మడతలు వేశారు. 12వ మెట్టు సరిగ్గా సగంలో ఉండాలి, అంటే 300 మి.మీ. దగ్గర. నాది 294 దగ్గర ఉంది! 18 లెక్క వల్ల 2 మి.మీ. పోయింది. మిగతా 4 మి.మీ. పెన్సిలు గీతల మందం, ఒకదాని మీద ఒకటి పేరుకుపోయింది.

దారం లేకుండా కూడా చూడవచ్చు. తీగ సగంలో వేలు ఊరికే ఆనించి మీటితే గంటలా ఒక నాదం వస్తుంది. 12వ మెట్టు దగ్గర నొక్కి మీటితే అదే స్వరం రావాలి. నాకు రెండూ వేరువేరుగా వినిపించాయి. "ఆ తేడా నీకు తెలిసిందా?" అన్నారు తాతగారు. "తెలిసిందండీ" అన్నాను. "మరి శ్రుతి లేదని ఎవరన్నారు?" అన్నారు.

వీణ మెట్లు మైనం మీద ఉంటాయి కాబట్టి చెవితో విని జరుపుకోవచ్చు. 2022లో పద్మశ్రీ వచ్చిన మొగులయ్య గారు వాయించే 12 మెట్ల కిన్నెరకూ మైనమే. గిటారుకు రంపంతో గాడి కోస్తాం. తప్పు కోస్తే ఇక జరగదు. పాత గాళ్ళన్నీ రంపపు పొట్టు, ఫెవికాల్ కలిపి పూడ్చి, ఈసారి ప్రతి మెట్టూ పైచివర నుంచే కొలిచాను. మొదటిది 33.7, రెండోది 65.5, అయిదోది 150.5, ఏడోది 199.5. అయిదోది దాదాపు పావు, ఏడోది దాదాపు మూడో వంతు అని గమనించండి. నొక్కినప్పుడు తీగ కాస్త సాగి స్వరం హెచ్చుతుంది కనుక బ్రిడ్జిని 2 మి.మీ. వెనక్కి జరిపాము.

ఇప్పుడు మూడు పాటలు వచ్చు. ఆరో మెట్టు దగ్గర ఇంకా జరజరమంటోంది, పుల్ల కొంచెం ఎత్తు ఉన్నట్టుంది. అరగదీయాలి, ఎవరి దగ్గరైనా సన్న ఆకురాయి ఉంటే ఇవ్వగలరు. వాయించి చూడాలనుకునేవారు స్టడీ అవర్ అయ్యాక, వార్డెన్ గారి పర్మిషన్‌తో, చేతులు కడుక్కుని రండి.