పికప్ బండికి కొత్త చక్రాలు

పిల్లలూ! మలేషియాలోని పామాయిల్ తోటల దారులలో పికప్ ట్రక్కులను మీరు చూసే ఉంటారు. ముందు మనుషులు కూర్చుంటారు. వెనుక సరుకు వేస్తారు. వాన కురిస్తే ఆ మట్టి దారులు బురదమయం అవుతాయి. అందుచేత కొందరు తమ బండికి చక్రాలు, టైర్లు, షాక్ అబ్జార్బర్లు మార్పిస్తారు. పెద్ద టైరు వేస్తే బండి అందంగా, ఎత్తుగా కనిపిస్తుంది. మరి అది క్షేమమేనా? లెక్క వేసి చూద్దాం.

టైరు పక్కభాగాన కొన్ని అంకెలు ఉంటాయి. 265/65 ఆర్ 17 అని ఉన్నదనుకోండి. 265 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 65 అంటే టైరు పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో నూటికి 65 వంతులు, అనగా సుమారు 172 మిల్లీమీటర్లు. ఆర్ అనే అక్షరం రేడియల్ టైరుకు గుర్తు. 17 అంటే లోపలి చక్రం వ్యాసం, అంగుళాలలో. ఒక అంగుళం 25.4 మిల్లీమీటర్లు. ఈ లెక్కన టైరు మొత్తం ఎత్తు సుమారు 776 మిల్లీమీటర్లు.

దీని బదులు 265/70 ఆర్ 17 టైరు వేస్తే ఎత్తు సుమారు 803 మిల్లీమీటర్లు అవుతుంది. పెరిగింది 27 మిల్లీమీటర్లు. కాని ఇరుసు టైరు నడుమ ఉంటుంది కదా! కాబట్టి బండి లేచేది అందులో సగమే. పైగా పెద్ద టైరు ఒక్కసారి తిరిగితే ఎక్కువ దూరం పోతుంది. అంతకుముందు సరిగా చూపిన వేగం మీటరు ఇప్పుడు 100 చూపినా, బండి 103 కిలోమీటర్ల వేగంతో పోతూ ఉంటుంది. టైరు బరువు కూడా పెరిగితే బ్రేకులకు పని ఎక్కువవుతుంది.

ఆ తరువాత 112 ఎస్ వంటి గుర్తు ఉంటుంది. 112 అంటే ఆ టైరు 1120 కిలోల వరకు మోయగలదని అర్థం. ఎస్ అంటే గంటకు 180 కిలోమీటర్లు దాని వేగానికి హద్దు. కొత్త టైరు మోయగల బరువు పాతదానికంటె తగ్గకూడదు.

ఇక షాక్ అబ్జార్బరు సంగతి. బండి గుంతలో పడినప్పుడు దెబ్బను ముందుగా ఓర్చుకొనేది స్ప్రింగు. పికప్ వెనుక సాధారణంగా ఉక్కు కమాను పట్టీలు ఉంటాయి. స్ప్రింగు ఒకసారి నొక్కుకొంటే ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపును ఆపేది షాక్ అబ్జార్బరు. దాని గొట్టంలో నూనె, ఒక ముషలకం ఉంటాయి. ముషలకం కదిలినప్పుడు నూనె సన్నని రంధ్రాల గుండా పోవాలి. అప్పుడు ఊగే శక్తి వేడిగా మారిపోతుంది. ఎగుడుదిగుడు దారిలో చాలాసేపు నడిస్తే నూనె కాగి నురుగు పడుతుంది. అందుకే కొన్నింటిలో నైట్రోజన్ వాయువు నింపుతారు. ఆ ఒత్తిడికి నురుగు తగ్గుతుంది.

షాక్ అబ్జార్బరు పాడైతే టైరు నేలను విడిచి ఎగురుతుంది. నేలను తాకని టైరు బ్రేకు వేసినా ఆగదు, తిప్పినా తిరగదు. కనుక అందమైన చక్రాలకంటె ముందు మంచి షాక్ అబ్జార్బర్లు అవసరం.

ఈ మార్పులు మెకానిక్కు చేయవలసినవి. చేయించే ముందు దేశపు రవాణా నియమాలను పెద్దలు తెలుసుకోవాలి. వెనుక కూర్చున్న వారి ప్రాణాలు ఆ నాలుగు టైర్ల మీదనే ఉన్నాయి!

అభ్యాసం
1. ఆగి ఉన్న బండి టైరుపై అంకెలు చూసి దాని ఎత్తు లెక్కకట్టండి.
2. షాక్ అబ్జార్బరు లేకపోతే స్ప్రింగు ఏమి చేస్తుంది?