పాస్‌వర్డ్ తీసుకొని వెనక్కు పంపే కంప్యూటరు

ఒక గ్రామ సంఘం కార్యదర్శి పాల బిల్లుల లెక్కలు ఇంట్లోని పాత కంప్యూటరులోనే వ్రాసుకుంటారు. బిల్లు పంచవలసిన రోజుకు ముందు రాత్రి ఆయన కంప్యూటరు తెరిచి, తన పేరు నొక్కి, పాస్‌వర్డ్ ఇచ్చారు. సెట్టింగులు తెరుస్తున్నట్లు తెర మీద ఒక మాట కనిపించింది. రెండు క్షణాలలో సెట్టింగులు భద్రపరుస్తున్నట్లు మరొక మాట వచ్చి, మళ్లీ మొదటి పేర్ల తెరే ప్రత్యక్షమైంది. పదిసార్లు ప్రయత్నించినా ఇదే వరస. మరమ్మతు చేసే కుర్రవాడిని పిలిస్తే, "ఫార్మాట్ కొట్టాలండీ" అన్నాడు. ఫార్మాట్ అంటే డిస్కును తుడిచివేయటం. ఆయన సరేనని ఉంటే ఏ సభ్యుడు ఎన్ని లీటర్లు పోసిందీ, బోనసు ఎవరికెంత రావలసిందీ అన్నీ తుడుచుకుపోయేవి. ఆయన ఒప్పుకోక మాకు కబురు చేశారు. చూడగా ఆ లెక్కలలో ఒక్క అంకె కూడా చెడలేదు.

ఇలా ఎందుకు జరుగుతుందో తెలుసుకుంటే భయం సగం తగ్గుతుంది. విండోస్ కంప్యూటరులో ప్రవేశాన్ని చూచే ప్రోగ్రాము పేరు విన్‌లాగాన్. పాస్‌వర్డ్ సరిపోగానే అది యూజర్‌ఇనిట్ అనే మరొక చిన్న ప్రోగ్రామును పిలుస్తుంది. మనకు కనిపించే బొమ్మలూ, అడుగున ఉండే పట్టీ తెరిపించేది ఈ రెండవదే. పాల కేంద్రంలో సభ్యుని నంబరు పుస్తకంలో సరిగానే ఉన్నా, వెన్న పరీక్ష చేసే మనిషి రాకపోతే క్యాను వెనక్కు తీసుకుపోవలసిందే కదా. అలాగే యూజర్‌ఇనిట్ ఫైలు డిస్కులో లేకపోయినా, దాని చోటు వ్రాసి ఉండే రిజిస్ట్రీలో తప్పు పేరు పడినా, విన్‌లాగాన్ మనలను వెంటనే బయటకు పంపుతుంది. పాస్‌వర్డ్ తప్పైతే తప్పని చెబుతుంది. ఇక్కడ అలా చెప్పదు, ఎందుకంటే పాస్‌వర్డ్‌లో తప్పు లేదు.

ఆ పేరు ఎలా మారుతుందంటే, ఎక్కువగా వైరస్‌ల వలన, వాటిని చంపే ప్రోగ్రాముల వలన కూడా. 2004లో ఒక ప్రకటనల ప్రోగ్రాము చాలా ఇళ్ల కంప్యూటర్లలో దూరి, రిజిస్ట్రీలో యూజర్‌ఇనిట్ పేరు తీసి తన పేరు పెట్టుకున్నది. శుభ్రం చేసే సాఫ్ట్‌వేరు ఆ దొంగ ఫైలును తీసివేసింది గాని, రిజిస్ట్రీలోని పేరును సరిచేయలేదు. దొంగ పోయాడు, తలుపూ మూసుకుపోయింది.

ముందుగా చేయవలసినవి రెండు. ఇంట్లో మరొకరి పేరుతో ప్రవేశించి చూడండి. వారు లోపలికి పోగలిగితే చెడింది మీ ఒక్కరి ప్రొఫైలే కావచ్చు. వారి పేరుకు అడ్మినిస్ట్రేటర్ అధికారం ఉంటే మీ ఫైళ్లు అక్కడి నుండే తీసుకోవచ్చు. తరువాత సేఫ్ మోడ్‌లో తెరవండి. అక్కడ కూడా అందరినీ వెనక్కు పంపుతుంటే యూజర్‌ఇనిట్‌ను అనుమానించండి, ఎందుకంటే సేఫ్ మోడ్‌కు కూడా అదే కావాలి.

కార్యదర్శిగారిది విండోస్ ఎక్స్‌పీ. దానికి కంపెనీ మద్దతు 2014 ఏప్రిల్ 8తో ముగిసినా, అటువంటి యంత్రాలు ఇంకా కొన్ని ఇళ్లలో ఉన్నాయి. ఎక్స్‌పీ సీడీ పెట్టి కంప్యూటరు తెరిచి, ఆర్ అక్షరం నొక్కితే రికవరీ కన్సోల్ వస్తుంది. సిస్టం32 ఫోల్డరులో చూస్తే యూజర్‌ఇనిట్ లేనే లేదు. సీడీలోని ఐ386 ఫోల్డరులో ఆ ఫైలు కుదించిన రూపంలో ఉంటుంది, పేరు చివరి అక్షరం చోట క్రింది గీత ఉంటుంది. ఎక్స్‌పాండ్ అనే ఆజ్ఞతో దానిని విప్పి సిస్టం32లోకి పంపాము. కంప్యూటరు మళ్లీ తెరవగానే ఆయన బొమ్మలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి.

ఫైలు ఉండి, రిజిస్ట్రీలోని పేరు తప్పైతే పని వేరు. రికవరీ కన్సోల్‌లో రిజిస్ట్రీని దిద్దటం కుదరదు. ఆ తప్పు పేరు ఏమిటో తెలిస్తే, యూజర్‌ఇనిట్‌కు అదే పేరుతో ఒక నకలు పెట్టి లోపలికి ప్రవేశించి, తరువాత తీరికగా పేరు దిద్దుకోవచ్చు.

విండోస్ 10, 11లలో ప్రవేశపు తెర మీద షిఫ్ట్ పట్టుకొని రీస్టార్ట్ నొక్కితే మరమ్మతు తెర వస్తుంది. అందులో కమాండ్ ప్రాంప్ట్ నుండి రెజ్‌ఎడిట్ తెరిచి, విండోస్ లోపలి సిస్టం32లో కాన్ఫిగ్ ఫోల్డరులో ఉన్న సాఫ్ట్‌వేర్ అనే ఫైలును లోడ్ హైవ్‌తో తెచ్చుకోవాలి. అందులో విన్‌లాగాన్ క్రింద యూజర్‌ఇనిట్ వరుస ఉంటుంది. సీ డ్రైవు, విండోస్, సిస్టం32, చివర యూజర్‌ఇనిట్ ఫైలు పేరు, ఆపైన ఒక కామా ఉండాలి. ఆ కామా అచ్చుతప్పు కాదు, తీసివేయవద్దు. ఈ మరమ్మతు తెరలో సీ డ్రైవు ఒక్కొక్కసారి డీ అని కనిపిస్తుంది. దానిని చూచి వరుసలో డీ అని వ్రాయకండి. దిద్దిన తరువాత అన్‌లోడ్ చేయాలి. డిస్కుకు బిట్‌లాకర్ తాళం ఉంటే ఈ పనికి ముందు 48 అంకెల సంఖ్య అడుగుతుంది. అది చాలామందికి వారి మైక్రోసాఫ్ట్ ఖాతాలో దొరుకుతుంది.

ఇదంతా చేతకాదనుకునేవారు మరమ్మతుకు ఇచ్చేటప్పుడు ఒక్క మాట చెప్పండి: డిస్కు ఊడదీసి మరొక కంప్యూటరుకు తగిలించి, ముందు లెక్కల ఫోల్డరును పెన్‌డ్రైవులోకి ఎక్కించమనండి. అది కొద్దిసేపటి పని. ఎక్కించినది మీ ఎదుటనే తెరిపించి, కనీసం ఒక సభ్యుని బిల్లు చూచుకున్న తరువాతనే మిగిలిన మరమ్మతుకు ఒప్పుకోండి.