ఇంటి వేటకుక్క – దాని వింత చేష్టలు

తెలుగులో వేటకుక్కకు జాగిలం అనే గంభీరమైన పేరొకటి ఉన్నది. వార్తాపత్రికలు నేటికీ పోలీసు కుక్కలకు ఆ పేరు వాడి దాని గౌరవాన్ని నిలుపుతున్నాయి. అయితే ఆ జాగిలమే ఒక గృహస్థు ఇంట పెంపుడు జంతువై చేరిన నాడు దాని గాంభీర్యం ఏమవుతుందో ఆ ఇంటివారికే ఎరుక. గుమ్మం ముందు విడిచిన చెప్పుల జతలో ఒకటి మాయమవుతుంది. పూలకుండీలోని మన్ను వరండా అంతటా పరచుకొంటుంది. స్నానం చేయించి తుడిచీ తుడవకముందే అది తోక ముడుచుకొని, చెవులు వెనుకకు వాల్చి, పట్టపగ్గాలు లేకుండ ఇల్లంతా చుట్టివస్తుంది. గోడమీది బల్లిని చూచి ఒక కాలు పైకెత్తి శిలాప్రతిమవలె నిలిచిపోతుంది. ఇంటివారు నవ్వుతారు, లేదా కర్ర తీస్తారు. ఇరువురికీ ఒక సంగతి మనవి చేయాలని మా ఉద్దేశం. ఈ చేష్టలలో పిచ్చి ఏమీ లేదు. అది ఆ కుక్క కులవిద్య. వేట పోయినా విద్య పోలేదు, అంతే.

కుక్కకు పూర్వుడు తోడేలు. తోడేలు వేట ఒక గొలుసు వంటిది: జాడ తీయడం, కన్ను నిలపడం, పొంచి నడవడం, తరమడం, పట్టడం, చంపడం, చీల్చడం, తినడం. అమెరికా జీవశాస్త్రజ్ఞుడు రేమండ్ కాపింజర్, ఆయన భార్య లోర్నా 2001లో ప్రకటించిన గ్రంథంలో ఈ గొలుసును ఆధారం చేసికొని కుక్కల జాతుల స్వభావాన్ని చక్కగా వివరించారు. తోడేలులో ఈ లంకెలన్నీ ఒకదాని వెంట ఒకటి వస్తాయి. కాని మనిషి తరతరాలుగా ఈడు జోడు చూచి పిల్లలు పెట్టించి, ఒక్కొక్క జాతిలో ఒక్కొక్క లంకెను పెంచాడు, కడపటి లంకెలను మాత్రం బలహీనపరచాడు. పట్టిన కుందేలును కుక్కే తినివేస్తే వేటగానికి మిగిలేదేమిటి? అందుచేత వేటకుక్క అంటే సగంలో ఆగిన తోడేలు అనవచ్చు. ఎక్కడ ఆగిందో తెలిసికొంటే దాని వింత చేష్టలలో చాలావాటికి అర్థం దొరుకుతుంది.

బల్లిని చూచి నిలిచిపోయే కుక్క సంగతి చూడండి. అది పాయింటర్ జాతిది అయి ఉంటుంది. పొదలో పక్షి ఉన్నదని వాసన తగలగానే కదలక మెదలక ముక్కుతో ఆ దిక్కు చూపడం దాని వృత్తి. ముందుకు దూకితే పక్షి ఎగిరిపోతుంది, వేటగాడు తిట్టుకొంటాడు. సెట్టర్ జాతి కుక్క ఇంకా ఒక మెట్టు ముందుకు పోయి నేలకు కరచుకొని పడుకొనేది. తుపాకులు వాడుకలోకి రాకముందు దాని తలమీదుగానే పక్షులపై వల విసిరేవారు. నేడు వల లేదు, కౌజు లేదు. ట్యూబులైటు పక్కన బల్లి మాత్రం ఉన్నది. పురుగు కోసం అది ఎంతసేపు నిశ్చలంగా ఉంటుందో, దానికోసం కుక్కా అంతసేపే ఉంటుంది. ఇరువురు తపస్వులలో ముందు ఎవరు చలిస్తారో చూడడం ఇంటిలోని పిల్లలకు మంచి కాలక్షేపం.

చెప్పుల దొంగ మరొక శాఖకు చెందినది. వేటగాడు కొట్టిన బాతును నీటిలోనుండి గాయపడకుండ నోట కరచుకొని తెచ్చే కుక్కను రిట్రీవర్ అంటారు. 1868లో స్కాట్లండులో, తరువాతి కాలంలో లార్డ్ ట్వీడ్‌మౌత్ అయిన ఒక జమీందారు నూస్ అనే పసుపువన్నె కుక్కను బెల్ అనే ఆడకుక్కతో కలిపి పిల్లలు పెట్టించాడు. నేటి గోల్డెన్ రిట్రీవర్లకు ఆ జంటయే మూలం. ఈ కుక్కల పట్టు ఎంత మృదువుగా ఉంటుందంటే కోడిగ్రుడ్డును కూడ పగులకుండ తేగలవు. నోటిలో ఏదో ఒకటి లేనిదే వీటికి తోచదు, ముఖ్యంగా ప్రియమైనవారు ఇంటికి వచ్చినపుడు. మేమెరిగిన ఒక ఇంట పెండ్లిచూపుల నాడు పెద్దలందరూ ముందుగదిలో గంభీరంగా కూర్చుండగా, ఆ ఇంటి లాబ్రడార్ బయటికీ లోపలికీ తిరుగుతూ, వచ్చినవారి చెప్పులలో జతకు ఒకటి చొప్పున తెచ్చి వరుడి తండ్రి పాదాల వద్ద సమర్పించింది. రెండవది తేవాలని ఎందుకు తోచలేదో చెప్పలేము. ఆ సంబంధం కుదిరింది గనుక కుక్కకు శిక్ష తప్పింది.

లాబ్రడార్ తిండిపోతుతనం కూడ ప్రసిద్ధమే. ఇప్పుడే తిన్నది ఇప్పుడే మరచినట్లు దీనంగా చూచే ఆ చూపుకు లొంగనివారు అరుదు. అయితే అందులో నటన తక్కువ, ఆకలి ఎక్కువ అని 2016లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ పరిశోధకులు తేల్చారు. కడుపు నిండిందని మెదడుకు తెలిపే వ్యవస్థకు సంబంధించిన ఒక జన్యువులో కొంత భాగం ఈ జాతి కుక్కలలో సుమారు నాలుగింట ఒకదానికి లోపించి ఉన్నది. పాపం, వాటి మాట నిజమే. అలాగని అడిగినపుడెల్లా పెట్టడం వాటి కీళ్లకు మంచిది కాదు.

టెర్రియర్, డాక్స్‌హుండ్ జాతుల విద్య భూగర్భంలో ఉన్నది. మొదటి పేరు నేల అనే అర్థం గల లాటిన్ మాటనుండి వచ్చింది. రెండవది జర్మను పేరు. డాక్స్ అంటే బొరియలలో నివసించే బాడ్జర్ అనే జంతువు, హుండ్ అంటే కుక్క. జానెడు కాళ్లు, మూరెడు నడుము గల ఆ కుక్క దుప్పట్లో దూరి, తల ఎటో తోక ఎటో తెలియకుండ మెలికలు తిరుగుతుంటే మనకు నవ్వు వస్తుంది. దానికి మాత్రం అది బొరియ. పూలకుండీని త్రవ్వడం కూడ ఈ విద్యలోనిదే. ఆకారానికి మించిన దాని కంఠధ్వని కూడ నేలలోపలినుండి పైనున్న యజమానికి వినబడడానికి పనికివచ్చినదే. టెర్రియర్ గుడ్డబొమ్మను కరచుకొని ఎడాపెడా విదిలించడం చూచి పిల్లలు చప్పట్లు కొడతారు. ఎలుక మెడ విరవడానికి పనికివచ్చే విదిలింపు అది. ఈ మాట పిల్లలకు చెప్పనక్కర లేదు.

బీగిల్‌ను గూర్చి కొంచెం విస్తరించి వ్రాయవలసి ఉన్నది, ఎందుకంటే యజమానుల ఫిర్యాదులలో సింహభాగం దీనిదే. పిలిస్తే రాదు, చెవుడేమో అని వైద్యుని వద్దకు తీసికొనిపోయేవారు కూడ ఉంటారు. చెవులకు ఏ లోపమూ లేదు. ముక్కు పని చేస్తున్నపుడు చెవికి సెలవు. వాసనను గ్రహించే కణాలు మనిషి ముక్కులో 50 లక్షలకు అటు ఇటుగా ఉంటే, జాడ తీసే కుక్కల ముక్కులో 20 కోట్లకు పైగా ఉంటాయని అంచనా. మనం వీధిని చూస్తాము, బీగిల్ వీధిని చదువుతుంది. నిన్న రాత్రి ఎవరు పోయారు, ఏ ఇంట మాంసం వండారు, మూలమీది కుక్క ఆరోగ్యం ఎట్లున్నది – ఇవన్నీ ఒక్క విద్యుత్ స్తంభం వద్ద వ్రాసి ఉంటాయి. వార్తాపత్రిక చదివే పెద్దమనిషిని సగంలో చేయి పట్టి లాగితే ఆయన ఊరకుంటాడా?

ఇక దాని అరుపు. అది మొరుగు కాదు, దీర్ఘంగా సాగదీసిన రాగం. ఇంగ్లండులో కాలినడకన కుందేళ్ల వేటకు పోయేవారు బీగిల్ మందను విడిచి, వాటి గొంతును బట్టి వేట ఎటు పోతున్నదో తెలిసికొనేవారు. తోక చివర తెల్లగా ఉంచడం కూడ ఎత్తయిన గడ్డిలో ఆనవాలుకే. ఆ రాగాన్ని నేడు పక్కవాటాలో పరీక్షలకు చదువుకొనే విద్యార్థి మెచ్చుకోలేకపోవడం సహజం. అయితే అదే ముక్కుకు పని దొరికినచోట దాని ప్రవర్తన వేరు. 1984 నుండి అమెరికా వ్యవసాయశాఖ బీగిళ్లను విమానాశ్రయాలలో నియమించింది. ప్రయాణికుల పెట్టెలలో దాచిన పండునో మాంసాన్నో వాసన పట్టి, అరవకుండ, కరవకుండ, ఆ పెట్టె ప్రక్కన మర్యాదగా కూర్చుండడమే వాటి ఉద్యోగం. మామిడిపండు రహస్యంగా తీసికొనిపోయిన మనవారికి ఈ మర్యాద అనుభవమే.

పై జాతులన్నీ పరదేశపువి. కంటితో చూచి పరుగుతో పట్టే జాగిలాల విషయంలో మన దేశం ఎవరికీ తీసిపోదు. అక్బరు చక్రవర్తికి కుక్కలంటే మక్కువ అనీ, కాబూలు ప్రాంతంనుండి మేలైనవి వచ్చేవనీ, వాటికి అలంకారాలు చేసి పేర్లు పెట్టేవారనీ అబుల్ ఫజల్ 'అయినే అక్బరీ'లో వ్రాశాడు. ఉత్తరాదిన రాంపూర్ జాగిలం, తమిళదేశాన రాజపాళయం, మన దక్కనులో ముధోల్ జాగిలం ఉన్నాయి. రాంపూర్, రాజపాళయం, ముధోల్ జాగిలాల బొమ్మలతో తపాలాశాఖ 2005లో బిళ్లలు విడుదల చేసింది. ముధోల్ జాగిలాన్ని కారవాన్ హౌండ్ అనీ, కర్వానీ అనీ కూడ అంటారు. హైదరాబాదులోని కార్వాన్ పేటకు పేరిచ్చిన బిడారు మాటే ఇదీ. పొడుగు కాళ్లు, లోతైన రొమ్ము, చిక్కిన నడుము. రొట్టెలు ఎంత ఎత్తున పెట్టినా దానికి అందుతాయి. కర్ణాటకలోని ముధోల్ ప్రాంతపు రైతు చేలో దానికి రోజూ పరుగు ఉన్నది. మూడవ అంతస్తు వాటాలో మంచమే మైదానం.

ఈ ఇంటి వేషాలు ఈనాటివి కావు. అలెగ్జాండరు దండయాత్రలను వర్ణించిన గ్రీకు చరిత్రకారుడు అర్రియన్, మన దేశాన్ని గూర్చి 'ఇండికా' కూడ వ్రాసినవాడు (మెగస్తనీసు 'ఇండికా' వేరు, ఇది వేరు), క్రీస్తుశకం రెండవ శతాబ్దంలో వేటకుక్కలపై ఒక చిన్న గ్రంథం రచించాడు. అందులో తన సొంత కుక్క హోర్మేను గూర్చి ముచ్చటగా చెప్పుకొన్నాడు. ఆ పేరుకు ఉరుకు, ఉద్వేగం అని అర్థం. వయసులో ఉన్నపుడు నాలుగు కుందేళ్లకు సరిజోడైన ఆ కుక్క ఇంటివద్ద పరమ సాధువట. ఆయన వ్యాయామశాలకు పోతే వెంట పోయి కూర్చుంటుంది. తిరిగివచ్చేటపుడు ముందు నడుస్తూ, యజమాని దారి తప్పి మరెక్కడికైనా పోయాడేమో అని మాటిమాటికి వెనుకకు చూస్తుంది. భోజనాల వేళ ఒకరి తరువాత ఒకరిని కాలితో తట్టి తన వంతు గుర్తు చేస్తుంది. అన్ని రకాల గొంతులతో మాట్లాడే కుక్కను తాను మరొకదాన్ని ఎరుగనని ఆయన ఆశ్చర్యం. పద్దెనిమిది శతాబ్దాలు దాటినా ఇందులో మనకు తెలియని కుక్క లేదు. ఉర్దూలో పత్రస్ బుఖారీ కుక్కలపై వ్రాసిన హాస్యవ్యాసం చదివి నవ్వని విద్యార్థి మన కళాశాలలో ఉండడు. అక్కడ నవ్వించేవి వీధి కుక్కలు, వాటి అర్ధరాత్రి ముషాయిరాలు. అర్రియన్ కుక్కకు ఆ ఖ్యాతి దక్కకపోవడం అన్యాయం.

అర్రియన్ మరొక మాట కూడ వ్రాశాడు. హోర్మే పసితనంలో కొరడా దెబ్బ తిన్నది. నాటినుండి ఎవరైనా కొరడా అన్న మాట ఎత్తితే చాలు, అన్నవారి వద్దకు పోయి, నేలకు కరచుకొని బ్రతిమాలి, మెడకు వ్రేలాడి, వారి కోపం పోయేవరకు విడిచిపెట్టేది కాదు. దీన్ని చదివినపుడు మాకు 2009లో అమెరికాలో అలెగ్జాండ్రా హొరోవిట్జ్ చేసిన పరీక్ష గుర్తుకువచ్చింది. తినవద్దన్న పదార్థాన్ని తిన్న కుక్కలూ తినని కుక్కలూ, యజమాని గద్దించినపుడు ఒకే విధంగా తల వంచి, చూపు తప్పించి, తప్పుచేసిన మొగం పెట్టాయి. అంటే మనం చూచి నవ్వుకొనే ఆ దొంగమొగం నేరం ఒప్పుకోవడం కాదు, మన కోపానికి జవాబు. చిరిగిన దిండు ముందు సాయంకాలం కుక్కను కొట్టే గృహస్థు, ఉదయం జరిగిన పనికి గాక, తాను ఇంటికి వచ్చినందుకు దాన్ని కొడుతున్నాడన్నమాట. కొన్నాళ్లకు అది గుమ్మంవద్ద చెప్పుతో ఎదురురావడం మానుకొంటుంది. ఆ ఇంట నవ్వు కూడ మానుతుంది.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, దానికి 1991లో చేసిన సవరణ కలిసి మన దేశంలో వినోదవేటకు తెరదించాయి. అది మంచి పనే, ఎవరూ విచారించనక్కర లేదు. కాని పని పోయిన కుక్కను పట్టణంలో అందం చూచి కొనేవారు దాని విద్యను గూర్చి అడగడం లేదు. ఆరు నెలలు తిరిగేసరికి భరించలేక వీధిలో విడిచిపెడుతున్నారు. వీధి బ్రతుకు తెలియని ఆ కుక్క అక్కడ ఎన్నాళ్లుంటుంది? దాని విద్యకు ఇంటిలోనే కొంచెం చోటు చూపడం అంత కష్టం కాదు. పాత తువ్వాలులో నాలుగు గింజల తిండి చుట్టి ఇస్తే బీగిల్ అరగంట శ్రద్ధగా పరిశోధిస్తుంది. పెరటి మూల ఇసుక పోసి అందులో బొమ్మ పాతితే డాక్స్‌హుండ్ కుండీల జోలికి రావడం తగ్గుతుంది. రిట్రీవర్‌కు ఒక బంతి చాలు. అయితే పచ్చగడ్డిపై ఎర్రబంతి విసరి, ఎదుటనే ఉన్నదాన్ని చూడలేదని ఎగతాళి చేయకూడదు. కుక్క కంటికి నీలం, పసుపు బాగా తెలుస్తాయి గాని ఎరుపు, ఆకుపచ్చల మధ్య భేదం సరిగా తెలియదని 1989 నాటి పరిశోధనలోనే తేలింది. వేసవి ఎండలో ఈ ఆటలేవీ వద్దు. తెల్లవారుజామున, ప్రొద్దు గుంకిన తరువాత మాత్రమే.

పరుగే వృత్తిగా బ్రతికిన గ్రేహౌండ్లు ఇల్లు చేరితే ఏమి చేస్తాయో పాశ్చాత్య దేశాలలో ఇటీవల చాలామంది చూస్తున్నారు. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రప్రజలు 2018లో ఓటు వేసి వాటి పందెములను నిషేధించారు. 2020 చివరికి అక్కడి పందెపు మైదానాలు మూతపడ్డాయి. పందెములు విడిచిన కుక్కలను గృహస్థులు తెచ్చుకొన్నారు. గంటకు 60 కిలోమీటర్లు దాటి పరుగెత్తే ఆ జంతువు పగలంతా సోఫాలో నాలుగు కాళ్లూ ఆకాశానికి ఎత్తి నిద్రపోతుంది. అద్దంలో తనను తాను చూచి మరొక కుక్క అనుకొని పలకరిస్తుంది. పుట్టినది మొదలు కొట్టంలో పెరిగినందున దానికి మెట్లు తెలియవు. మొదటి మెట్టు ముందు నిలిచి వణకుతూ యజమాని మొగం చూస్తుంది. అతడు వంగి దాని కాళ్లను ఒక్కొక్కటిగా పట్టి ఒక్కొక్క మెట్టుమీద పెట్టి ఎక్కించవలసి వస్తుంది.