గోడ మీద కలల కారు... గుమ్మంలో కాపురం కారు!

గంటకు మూడొందల కిలోమీటర్ల వేగంతో దూసుకెళ్లే స్పోర్ట్స్‌కారును చూసి ముచ్చటపడనివారు ఉండరు. కానీ కారు కొనే రోజొస్తే చాలామంది అడుగులు పాతకార్ల దుకాణం వైపే పడతాయి. అది రాజీపడటం కాదు... లెక్క తెలిసినవాళ్లు చేసే పని!

డిగ్రీ రోజుల్లో హాస్టల్‌ గది గోడకు అతికించుకున్న పోస్టరది. ఎర్రటి లంబోర్గిని కౌంటాక్‌. తలుపులు పైకి లేచి, రెక్కలు విప్పిన గద్దలా ఉండేది. ఇరవై ఏళ్లు గడిచాయి. ఉద్యోగం, పెళ్లి, ఇద్దరు పిల్లలు, ఇంటి రుణం, తల్లి మోకాళ్ల నొప్పులు... పోస్టరు ఎప్పుడో చిరిగిపోయింది. ఆశ మాత్రం చిరగలేదు.

చిట్టీ పాడితే చేతికి నాలుగున్నర లక్షలొచ్చాయి. ఆ సాయంత్రం ఇంట్లో అందరూ కూర్చున్నారు. 'నాన్నా, లంబోర్గిని కొందాం' అన్నాడు రెండో తరగతి చదివే చిన్నోడు. 'ముందు మీ నాయనమ్మ కాలు మడిచి ఎక్కగలిగే కారు చూడమను' అంది వాళ్లమ్మ. గతేడాది వానాకాలంలో ఓ అర్ధరాత్రి నాయనమ్మకు ఆయాసం వస్తే ఆటో దొరకలేదు. ఆమెను బైకు మీద మధ్యలో కూర్చోబెట్టుకుని, వెనక నుంచి కోడలు పట్టుకోగా ఆసుపత్రికి చేర్చారు. ఆ సంగతి ఇప్పుడెవరూ ఎత్తలేదు. ఎవరూ మరిచిపోనూ లేదు.

హైదరాబాద్‌ కూకట్‌పల్లి అయినా, విజయవాడ పటమట అయినా... మొదటి కారు కొనే మధ్యతరగతి ఇంట్లో కాస్త అటూ ఇటూగా జరిగే ముచ్చటే ఇది.

ఆ కారు మన వీధిలోకొస్తే...

సరదాగా ఓ లెక్క వేద్దాం. 2014లో మన దేశంలో విడుదలైన లంబోర్గిని హురకాన్‌ ధర అప్పట్లో ఢిల్లీ షోరూములో 3.43 కోట్ల రూపాయలు. పది సిలిండర్ల ఇంజిను. గరిష్ఠ వేగం గంటకు 325 కిలోమీటర్లు. వినడానికి బాగానే ఉంది. హైదరాబాద్‌ చుట్టూ 158 కిలోమీటర్ల పొడవున్న అవుటర్‌ రింగురోడ్డు మీద వేగపరిమితి ఎంత? 2023లో పెంచాక కూడా 120! అంటే కారు శక్తిలో సగం కూడా వాడుకునే వీలు లేదన్నమాట.

ఇక ఎత్తు సంగతి. హురకాన్‌ అడుగుభాగానికీ నేలకూ మధ్య ఖాళీ 125 మిల్లీమీటర్లు. ఇండియన్‌ రోడ్స్‌ కాంగ్రెస్‌ ప్రమాణాల ప్రకారం కట్టిన స్పీడ్‌బ్రేకర్‌ ఎత్తు 100 మిల్లీమీటర్లు. మిగిలింది అంగుళం. మన కాలనీల్లో ఎవరికి తోచినట్టు వాళ్లు పోయించుకున్న సిమెంటు దిమ్మెలకు ఆ ప్రమాణాలతో పనే లేదు. ఆ అంగుళమూ దక్కదు.

అన్నిటికన్నా పెద్ద చిక్కు... సీట్లు రెండే. అమ్మానాన్నా కూర్చుంటే పిల్లలెక్కడ? పిల్లలు కూర్చుంటే నడిపేదెవరు? సామాన్లకు ఉన్న చోటు ముందుభాగంలో వంద లీటర్లు. సంక్రాంతికి ఊరెళ్లి తిరిగొచ్చేటప్పుడు అత్తగారు కట్టిచ్చే బియ్యం మూట, పచ్చడి జాడీలు, అరిసెల డబ్బా అందులో పట్టవు. అదే 2019లో వచ్చిన వ్యాగన్‌ఆర్‌లో ఐదుగురు కూర్చున్నాక కూడా డిక్కీలో 341 లీటర్ల జాగా ఉంటుంది. పైగా సీటు ఎత్తుగా ఉంటుంది కాబట్టి మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కుర్చీలో కూర్చున్నట్టే కూర్చుంటారు.

సచిన్‌ అడిగిందీ చిన్న కారునే!

2002లో బ్రాడ్‌మన్‌ 29 టెస్టు సెంచరీల రికార్డును సమం చేసిన సచిన్‌ తెందుల్కర్‌కు ఫెరారీ 360 మోడెనా కారు బహుమతిగా వచ్చింది. అందించింది ఫార్ములా వన్‌ వీరుడు మైకేల్‌ షూమాకర్‌. దాన్ని భారత్‌కు తేవాలంటే కోటి రూపాయలకు పైగా దిగుమతి సుంకం కట్టాలి. ప్రభుత్వం మినహాయింపు ఇస్తే దేశమంతా దుమారం రేగింది. చివరికి ఆ సొమ్ము ఫియట్‌ సంస్థ కట్టింది. 2011లో సచిన్‌ ఆ కారును సూరత్‌ వ్యాపారికి అమ్మేశాడు. అదే సచిన్‌ 2020లో ఓ ముఖాముఖిలో తన మొదటి కారు ఎక్కడుందో తెలిస్తే చెప్పమనీ, మళ్లీ తెచ్చుకోవాలని ఉందనీ అన్నాడు. ఆ మొదటి కారు... మారుతి 800!

తరుగు వాళ్లకి... లాభం మీకు

కొత్త కారు షోరూము గడప దాటగానే దాని విలువ తగ్గడం మొదలవుతుంది. బీమా కంపెనీలు అనుసరించే పట్టిక చూస్తే సంగతి తేటగా తెలుస్తుంది. ఆర్నెల్లలోపు 5 శాతం, ఏడాదిలోపు 15, రెండేళ్లలోపు 20, మూడేళ్లలోపు 30, నాలుగేళ్లలోపు 40, ఐదేళ్లలోపు 50 శాతం తరుగు తీసేస్తారు. ఆ లెక్కన ఆరు లక్షల కారు ఐదో ఏట మూడు లక్షలు. 3.43 కోట్ల కారుకు మూడో ఏట తరుగే కోటి రూపాయలు దాటుతుంది!

సంతలో ధర అచ్చంగా పట్టికలో ఉన్నట్టే ఉండదు. గిరాకీ ఉన్న చిన్న కార్లు కాస్త ఎక్కువే పలుకుతాయి. అయినా నాలుగైదేళ్ల కారు కొంటే పెద్ద తరుగు మొదటి యజమాని భరించినట్టే. ఇంకో మాట. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్లపై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. కాబట్టి బేరమాడేటప్పుడు అమ్మేవాళ్లు అప్పట్లో ఎంతకు కొన్నారన్నది కాదు, అదే కారు ఇవాళ కొత్తది ఎంతకొస్తుందన్నది చూడాలి.

ధర ఒక్కటే చూసినా తప్పే. ఇంటిల్లిపాదీ ఎక్కే బండి కదా! గ్లోబల్‌ ఎన్‌క్యాప్‌ ప్రమాద పరీక్షల్లో వ్యాగన్‌ఆర్‌కు 2019లో రెండు స్టార్లు వస్తే, 2023లో ఒక్కటే వచ్చింది. 2020లో టాటా టియాగోకు నాలుగు వచ్చాయి. ఎక్కడానికి దిగడానికి ఏది అనువు, దెబ్బకు తట్టుకునేది ఏది... రెండూ తూచుకుని తేల్చుకోవాలి. ఏ ఏడాది కారన్నదీ ముఖ్యమే. తిరుగుతున్న మోడళ్లన్నిటికీ ఏబీఎస్‌ 2019 ఏప్రిల్‌ నుంచి, డ్రైవర్‌ ఎయిర్‌బ్యాగ్‌ అదే ఏడాది జులై నుంచి తప్పనిసరి అయ్యాయి. డ్రైవర్‌ పక్కసీటుకు ఎయిర్‌బ్యాగ్‌ నిబంధన అన్ని మోడళ్లకూ వర్తించింది 2021 చివర్నుంచే. అంతకుముందు కారైతే అది ఉందో లేదో అడిగి తెలుసుకోవాలి.

పొద్దున్నే వెళ్లాలి!

పాత కారు చూడ్డానికి తెల్లారగానే వెళ్లమంటారు అనుభవజ్ఞులు. ఇంజిను చల్లగా ఉన్నప్పుడే దాని అసలు గుణం బయటపడుతుంది. వెళ్లేసరికే బానెట్‌ వేడిగా ఉంటే అనుమానించాల్సిందే. స్టార్ట్‌ చేశాక వెనక్కి వెళ్లి పొగ చూడండి. నీలిరంగు పొగ వస్తే ఇంజిన్‌ ఆయిల్‌ కాలుతున్నట్టు. నల్లగా వస్తే ఇంధనం సరిగా మండట్లేదని. ఇంజిను వేడెక్కాక కూడా తెల్లటి పొగ ఆగకపోతే కూలెంట్‌ సిలిండర్లలోకి చేరుతోందేమో చూపించుకోవాలి.

మీటరు ముప్ఫై వేల కిలోమీటర్లు చూపిస్తోంది... కానీ బ్రేకు పెడల్‌ రబ్బరు అరిగి, స్టీరింగ్‌ నున్నగా మెరుస్తోంది. అంటే మీటరును వెనక్కి తిప్పి ఉండొచ్చు. టైరు పక్కన చివర ఉండే నాలుగంకెలు దాని పుట్టిన తేదీ చెబుతాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. తలుపుల మధ్య సందులు ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ ఉన్నా, ఎండలో చూసినప్పుడు ఒక భాగం రంగు తేడాగా కనిపించినా అక్కడ దెబ్బ తగిలిందన్నమాట.

మన దగ్గర మరో జాగ్రత్త తప్పనిసరి. 2020 అక్టోబరులో హైదరాబాద్‌ కాలనీలను వరద ముంచెత్తింది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగింది. నీళ్లలో నానిన కార్లు ఎన్నో. తళతళలాడేలా కడిగినా సీటుబెల్టును చివరిదాకా లాగితే బురద చార కనిపించవచ్చు. కింద పరిచిన కార్పెట్‌ ఎత్తితే ముక్కవాసన కొడుతుంది. స్టెప్నీ టైరు తీస్తే దాని అడుగున తుప్పు పలకరిస్తుంది. నమ్మకమైన మెకానిక్‌ను వెంట తీసుకెళ్తే అతనికిచ్చే డబ్బు వృథా కాదు.

తాళాలు తీసుకుంటే సరిపోదు

డబ్బులిచ్చి తాళాలు పుచ్చుకున్నంత మాత్రాన కారు మనదైపోదు. ఆర్‌సీలో ఉన్న ఛాసిస్‌ నంబరు, కారు మీద చెక్కిన నంబరు ఒకటేనా చూసుకోవాలి. యాజమాన్యం మారడానికి ఫారం 29, ఫారం 30 కావాలి. అప్పు మీద కొన్న కారైతే బ్యాంకు ఇచ్చే నిరభ్యంతర పత్రం, ఫారం 35 ఉండాలి. చలాన్లు బకాయి ఉన్నాయేమో చూసుకోవాలి. బీమాను పేరు మార్పించుకోవడానికి కొన్న 14 రోజుల్లోపు దరఖాస్తు చేయాలి. పాత యజమాని సంపాదించుకున్న నో క్లెయిమ్‌ బోనస్‌ ఆయనతోనే పోతుంది, మనకు రాదు.

అమ్మేవాళ్లకూ ఇందులో పాఠముంది. ఆర్‌సీలో ఎవరి పేరుంటే ప్రమాద పరిహారం బాధ్యత వాళ్లదేనని 2018లో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. కారు నాలుగు చేతులు మారినా సరే! 'వచ్చే నెల మార్పించుకుంటాం లెండి' అనే మాట నమ్మితే ఇద్దరికీ ముప్పే.

* * *

మూడు వారాలు తిరిగారు. ఏడు కార్లు చూశారు. ఒకటి వరద బండి, రెండిటికి మీటరు తేడా, ఒకదానికి బ్యాంకు అప్పు తీరలేదు. ఎనిమిదోది నచ్చింది. ఐదేళ్ల తెల్ల కారు. ఒక్కరే వాడింది. నాలుగు లక్షల పదివేలకు బేరం కుదిరింది. మిగిలిన నలభై వేలు కొత్త టైర్లకు, బీమాకు పక్కన పెట్టారు.

చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, మొదట నాయనమ్మను ఎక్కించారు. ఎవరి చేయీ పట్టుకోకుండానే కూర్చుందామె. చిన్నోడు మాత్రం కాస్త ముఖం ముడుచుకున్నాడు. మర్నాడు వెనక అద్దం మీద వంకరగా ఓ స్టిక్కర్‌ కనిపించింది. లంబోర్గిని ఎద్దు బొమ్మ! తండ్రి చూశాడు. పీకేయలేదు.

ఆ వారమే ఓ రాత్రి పెద్ద వాన కురిసింది. ఇంట్లో అందరూ బాగానే ఉన్నారు. నాయనమ్మ మాత్రం నిద్రపోయే ముందు కిటికీ దగ్గరకెళ్లి, కారు గుమ్మంలోనే ఉందని ఓసారి చూసుకుని వచ్చి పడుకుంది.